ఇనుప కుర్చీ దాక మాట్లాడుకుంట

పక్కింటి పెద్దమ్మ పోయిందని మా అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తంగళ్ళపల్లిలో మా అమ్మగారింట్లో ఉన్న. "పెద్దమ్మ లేదు బిడ్డా. బీడీల చాట ఒళ్ళె పెట్టుకొనే గోడకు ఒరిగింది, గంతే," అన్నది అత్తమ్మ. వెంటనే నాకు ఏడుపు రాలేదు. నా చెయ్యి నా ఛాతి మీదికి పోయింది. గుండె కొట్టుకుంటుందా అని చూసుకున్న. దుఃఖం కంటే ముందు నాకు వచ్చింది భయం.

ఎందుకంటే మేమిద్దరం బాగా లావు మనుషులం. కోరుట్లలో మా వాడకట్టు నుంచి రోజూ పొద్దున కలిసి నడిచేటోళ్ళం. ఆమె గుండె ఆగింది అంటే, తర్వాత నాదే అనిపించింది.

బస్సు దిగి ఆమె ఇంటికి పోయేసరికి వాకిట్లో ఆడవాళ్ళు కూసున్నరు. "నడక నడక అని గుండెను అరగదీసుకున్నది," అని ఒకామె అన్నది. "గంత ఒళ్ళు పెట్టుకొని రోడ్ల మీద తిరుగుతె ఏమైతది మరి?" అన్నది ఇంకొకామె, నా దిక్కే చూసుకుంట. నేను పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూసున్న. రోజూ నడకలో బూట్లతోనే చూసిన కాళ్ళు అవి.

ఆమె పుట్టిల్లు కూడ మా లెక్కనే సిరిసిల్ల దిక్కే. అందుకని అత్త అనకుండ పెద్దమ్మ అని పిలిచేదాన్ని. కాని మొదట్లో పిలిచింది తక్కువే. నేను ఎవరితోనూ మాట్లాడే మనిషిని కాదు.

రెండో బిడ్డ పుట్టినంక నా ఒళ్ళు బాగా పెరిగింది. మా ఆయన దుబాయ్‌లో ఉంటడు. నేను పొద్దంత కూసొని బీడీలు చేసేదాన్ని. జగిత్యాల దవాఖానలో డాక్టరమ్మ బీపీ ఉందన్నది, షుగర్ అంచు మీద ఉందన్నది. "బరువు తగ్గాలె, మెల్లగ నడువు," అని చెప్పింది. నాకు తగ్గాలె అన్న మాటే చెవికెక్కింది, మెల్లగ అన్నది ఎక్కలేదు. రోడ్డు మీద నడిస్తే చూసి నవ్వుతరని, తలుపు పెట్టుకొని, ఫోన్‌లో ఒక సన్నటి పిల్ల దుంకుతుంటే నేను కూడ దుంకిన. ఆ రోజు శనివారం, ఒక్కపొద్దు. మంచినీళ్ళు కూడ ముట్టలేదు. కాసేపటికే కండ్లు చీకట్లు కమ్మి, గోడ పట్టుకొని కింద కూలబడ్డ.

అప్పుడే తలుపు చప్పుడైంది. "ఏ పిల్లా, మా దిక్కు దేవుని పటాలు ఊగుతున్నయ్. గోడ కూలగొడ్తవా ఏంది?"

నవ్వుకుంట లోపలికి వచ్చిన పెద్దమ్మ, నన్ను చూడంగనే నవ్వు ఆపింది. నన్ను మెల్లగా పండబెట్టి, నీళ్ళు తాగిచ్చి, "ఛాతిల నొప్పి ఉన్నదా? చెయ్యి గుంజుతుందా? చల్ల చెమటలు పోస్తున్నయా?" అని ఒక్కొక్కటే అడిగింది. ఏవీ లేవని తల ఊపిన. అయినా ఊకోలేదు, అప్పుడే ఆటో పిలిపించి జగిత్యాల తీసుకపోయింది. "ముందు గుండె సంగతి తెల్వాలె, తర్వాత కాళ్ళ సంగతి," అన్నది. గుండె పరీక్ష చేసి, మెల్లగ నడవొచ్చు అని డాక్టరమ్మ చెప్పినంకనే ఆమె నన్ను రోడ్డు మీదికి తీసింది.

మొదటి రోజు మా సందు చివర కిరాణా దుకాణం దాక పోయినం. అక్కడ కూసోబెట్టి, మళ్ళ ఇంటికి తీసుకొచ్చింది. "గింతేనా?" అన్న. "గింతే. రేపు సుత గింతే. తెల్లారెవరకు సన్నబడి ఎవలికి సూపెట్టాలె నువ్వు?" అన్నది.

ఆ దుకాణం ముందట ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. ఒకరోజు పెద్దమ్మ కూసోంగనే దాని కాలు విరిగింది. దుకాణపామె ఉరికొచ్చింది. పెద్దమ్మ కింద కూసొనే, "చూడు, పాపం, బక్క కుర్చీ. దీనికి మంచిగ తిండి పెట్టు," అన్నది. తెల్లారి అక్కడ ఇనుప కుర్చీ ఉంది. పొద్దున దుకాణం తెరవంగనే మాకోసమని అది బయట పెట్టేది ఆమె.

ఇంకోసారి బండి మీద పోయేటోడు, "రెండు లారీలు వస్తున్నయ్, సైడ్ ఇయ్యున్రి!" అని ఒర్రిండు. నేను కొంగు నెత్తి మీదికి లాక్కున్న. పెద్దమ్మ మాత్రం, "నువ్వే ఇయ్యి కొడుకా, మాకు బ్రేకులు తక్కువ!" అన్నది.

ఆమెకు షుగర్ ఉండె. అందుకే చీర కింద కొడుకు పాత బూట్లు తొడుక్కునేది, ఇంటికి రాంగనే పాదాలు తిప్పి తిప్పి చూసుకునేది, ఏమన్న దెబ్బ తాకిందా అని. కొంగు ముడిలో రెండు చాక్లెట్లు, షుగర్ పడిపోతే నోట్లె వేసుకుందామని. ఏమీ తినకుండ నన్ను బయటికి రానిచ్చేది కాదు. ఎండ ముదిరితే మధ్యలోనే వెనక్కి మళ్ళేది.

అన్నిటికంటే ఆమె గట్టిగా పట్టుకున్నది ఒక్క మాట. "ముచ్చట చెప్పుకుంట నడువాలె బిడ్డా. ముచ్చట తెగిందంటె నడక తగ్గియ్యాలె." దవాఖానలో ఆమెకు అట్లనే చెప్పిండ్రట. కాని నాతోని అదే కష్టమైంది. నేను మాట్లాడకుండ తల ఊపేదాన్ని. ఒకరోజు నడిమధ్యలో ఆగి, నడుము మీద చేతులు పెట్టుకొని, "నువ్వు నోరు తెరవకపోతె నాకెట్ల తెలుస్తది? సిగ్గా, దమ్ము ఎగపోస్తుందా?" అన్నది. నాకు నవ్వొచ్చింది. "నిన్న ఏం కూర?" అని అడిగింది. బీరకాయ అన్న. "ఎట్ల వండినవ్?" చెప్పిన. తెల్లారి మళ్ళ కూర సంగతే. కూరల నుంచి పిల్లల సంగతి, మా ఆయన సంగతి, మా నాయిన బట్ట నేసిన సాంచెల సంగతి వచ్చినయ్. పెళ్ళయి వచ్చినంక నేను అంతగా ఎవరితోనూ మాట్లాడలేదు. మొన్న అమ్మగారింటికి పోయేటప్పుడు, చంకలో బిడ్డను పెట్టుకొని బస్సు మెట్లు ఆయాసం లేకుండ ఎక్కిన. వచ్చినంక ఆమెకు చెప్పాలనుకున్న.

దినాలు అయినంక ఆమె కూతురు నాకు ఒక సంగతి చెప్పింది. చనిపోయే ముందు రెండు రోజులు పెద్దమ్మకు ఛాతి బరువుగా ఉన్నదట, దవడ గుంజిందట. నడకకు కూడ పోలేదట. "గ్యాస్ పట్టింది తియ్," అని సోడా తాగి కూసున్నదట. నా నొప్పి సంగతి ఒక్కొక్కటే అడిగిన మనిషి, తనకు వచ్చిన నొప్పి మాత్రం దాచుకున్నది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలుస్తలేదు. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ భయమైతది.

అత్తమ్మ నా నడక బూట్లు అటక మీద పెట్టింది. "వద్దు బిడ్డా, నీకేమన్న అయితె ఈ పిల్లలను నేనెట్ల సాదాలె?" అన్నది. ఫోన్‌లో మా ఆయన కూడ ఇంట్లనే ఉండుమన్నడు. నేనూ సరే అన్న. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే గుండె దడదడ కొట్టుకునేది. మెట్టు మీద కూసొని బిడ్డ దిక్కు చూసేదాన్ని. నడిస్తే పెద్దమ్మ లెక్క అయితదేమో. నడవకుంటే మళ్ళ పాత లెక్కనే ఒళ్ళు, బీపీ, షుగర్. ఎటు చూసినా పిల్లలకు తల్లి లేకుండ పోతదేమో అన్నదే నా భయం.

ఆఖరుకు అత్తమ్మను వెంట పెట్టుకొని జగిత్యాల పోయిన. ఎప్పుడూ నా బదులు అత్తమ్మే మాట్లాడేది. ఈసారి పెద్దమ్మకు వచ్చిన నొప్పి సంగతి చెప్పి నేనే అడిగిన. "మా పెద్దమ్మ నడిచినందుకే సచ్చిపోయిందా మేడం? నేను నడవాల్నా వద్దా?"

డాక్టరమ్మ నా గుండె పరీక్ష మళ్ళ చేయించింది. బీపీ చూసింది. "చూడకుండ ఆమె సంగతి నేను చెప్పలేను. కాని గసొంటి నొప్పి వస్తె గ్యాస్ అనుకొని ఇంట్ల కూసోవద్దు, అప్పుడే దవాఖానకు రావాలె. నువ్వు మాత్రం నడువు. ఇన్ని రోజులు ఆపినవు కాబట్టి మళ్ళ కొంచెం నుంచి మొదలుపెట్టు," అన్నది. ఇంటికి రాంగనే అత్తమ్మ స్టూల్ ఎక్కి బూట్లు దించింది.

తెల్లారి బయలుదేరిన. అత్తమ్మ చిన్నదాన్ని ఎత్తుకొని గడపలో నిలబడ్డది. పెద్దమ్మ ఇంటికి తాళం ఉంది. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతుంది. అది భయమో, ఆయాసమో నాకు తెలువలేదు. అప్పుడు నోరు తెరిచిన.

"నిన్న బీరకాయనే వండిన పెద్దమ్మా," అన్న, బయటికే. "లేతయి దొరికినయ్. చెక్కు తీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి, ఆఖరుకు నువ్వుల పొడి చల్లిన."

పాలు పోసేటాయన నా దిక్కు వింతగా చూసిండు. నేను ఆపలేదు. మాట ఎక్కడా తెగలేదు. సందు చివర దుకాణం అప్పుడే తెరిచిండ్రు. దుకాణపామె ఇనుప కుర్చీ బయటికి తెచ్చి, కొంగుతోని దాని దుమ్ము తుడుస్తుంది.