తాత మాట, మగ్గం మాట

నా చిన్నప్పుడు కాశిబుగ్గలో మా ఇల్లు మగ్గం చప్పుడుతోనే నిద్ర లేచేది. ఆ మగ్గం మా తాతది. గుంటలో కాళ్లు పెట్టుకుని, పొద్దంతా ముందుకు వంగి నేసేవాడు. వంగేసరికి కడుపులో మంట గొంతు దాకా ఎగదన్నేది. ఏళ్ల తరబడి ఆయనకు తిన్నది అరిగేది కాదు. వాము, తినే సోడా, పలుచటి మజ్జిగ, అన్నీ వాడి చూడటం అయిపోయింది. ఇక మగ్గం దిగాల్సిందేనని ఇంట్లో వాళ్లు అనుకుంటుంటే తొమ్మిదేళ్ల నాకు ఏడుపొచ్చేది. మగ్గం లేని తాత నాకు తెలియదు.

మట్టెవాడ డాక్టర్ సారు దగ్గరికి కడుపులో పులుపును తగ్గించే కొత్త మందు వచ్చింది. అది తాతకు పనిచేస్తుందో లేదో తేల్చడం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఏ మందిచ్చినా మా తాత జవాబు ఒకటే, "మంచిగున్న సార్." అందుకని సారు రెండు కట్టల పొట్లాలు కట్టాడు. ఒకదానికి ఎర్రదారం, ఇంకోదానికి నీలందారం. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో ఉత్త చక్కెర పొడి అని తాతకు చెప్పాడు, ఏది ఏదో చెప్పలేదు. ముందు వారం ఎర్రది, తర్వాతి వారం నీలంది. తాత సరేనన్నాడు. తాత చెప్పులు వేసుకునేలోగా సారు వెంట వచ్చిన నన్ను పిలిచి, "బిడ్డా, తాత మాట గాదు, మగ్గం మాట ఇను. మంటకు ఆగినప్పుడల్లా ఆ వారం పొట్లాల దారానికొక ముడి వెయ్యి" అన్నాడు.

ఎండాకాలం సెలవులు కాబట్టి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. పోగు తెగి మగ్గం ఆగితే తాత సణుక్కునేవాడు. మంట లేచి ఆగితే గుండె మీద చెయ్యి పెట్టుకుని నీళ్లకు కేకేసేవాడు. ఎర్రదారం నిండా ముడులే పడ్డాయి. నీలందారానికి మొదట్లో నాలుగు పడ్డాయి, ఆ తర్వాత వేద్దామన్నా పని తగల్లేదు.

రెండు వారాలయ్యాక సారు ముందు కూర్చున్నాం. ఎర్ర పొట్లం ఎట్లుండె అంటే, "మంచిగుండె సార్." మరి నీలం? "అది గూడ మంచిగుండె సార్." నా గుప్పిట్లో దారాలు చెమటకు తడిసిపోయాయి. చూపిస్తే అందరి ముందు తాతను అబద్ధాలకోరును చేసినట్టే. చూపించకపోతే రెండింటికీ తేడా లేదని సారు ఆ మందు ఆపేస్తాడు, తాత మగ్గం దిగుతాడు. భయపడుతూనే గుప్పిట తెరిచాను.

సారు ముడులు తడిమి చూసి, ఎర్రది చక్కెర పొడి అన్నాడు. తాత తల దించుకున్నాడు.

దారిలో తిడతాడనుకున్నాను. "సారు అంత ఫికర్ జేసి ఇచ్చిండు, మంచిగలేదని నోరెట్లొస్తది బిడ్డా?" అన్నాడు. జర దూరం నడిచాక, "నువ్వు మంచి పని జేసినవ్" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మందుతో మళ్లీ హాయిగా మగ్గం మీద కూర్చున్నాడు. నా పెళ్లి చీర నేసింది కూడా ఆయనే.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నే. ఎట్లుందమ్మా అని డాక్టర్ అడగగానే "మంచిగున్న" అనే మాట నోటి దాకా వస్తుంది, ఆ తాత మనవరాలిని కదా! అప్పుడు నా చెయ్యి కొంగు మీదికి పోతుంది. నొప్పి లేచినప్పుడల్లా నేనే వేసుకున్న ముడులు అక్కడుంటాయి. వాటిని చూసి ఉన్నదున్నట్టు చెబుతాను.