మూతున్న బకెట్టు

ఈ ఉదయం పాఠాలు చెప్పడానికి స్కూలుకి బయల్దేరుతుంటే ఫోను తనంతట తానే మా మేనత్త ఫొటో చూపించింది, కిందటేడు ఇదే రోజు అంటూ. ఉద్దానంలో మా జీడితోటలో, చెంగు నిండా జీడిపళ్లతో, ఎండకి కళ్లు చికిలించి నవ్వుతోంది. ముఖం సరిగ్గా చూద్దామని వేళ్లతో పెద్దది చేశాను. అలికేసినట్టయిపోయింది.

మామయ్య పోయాక అత్త పూండి దగ్గరి ఊరు వదిలి పలాసలో నా దగ్గరికి వచ్చేసింది. పెళ్లి చేసుకోని నేనూ, పిల్లలు లేని ఆవిడా. ఇంట్లో మాటలకి మాత్రం కరువుండేది కాదు. ఆవిడకి ప్రతి వస్తువుకీ ఒక చోటుండాలి. కందిపప్పు డబ్బా అడుగున తాళాలు, ట్రంకుపెట్టెలో చీర మడతల మధ్య ఫొటోలు. చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీసిచ్చేది. నేను ఫోనులో ఫొటోలు చూపిస్తే మురిసిపోవడం మాని ఆరా తీసేది.

"ఇవన్నీ ఎక్కడ దాసినావే అమ్మీ?"

"ఫోన్లో అత్తా."

"ఫోన్లో ఏ మూల?"

ఏ మూలో నాకేం తెలుసు? కనబడుతున్నాయి, చాలదా అని నవ్వేసేదాన్ని.

కొత్త ఫోను కొన్నాక ఫొటోలన్నీ అందులోనూ కనబడ్డాయి. పాత ఫోన్లకి ప్లాస్టిక్ సామాన్లిచ్చే బండి వీధిలోకి వస్తే అత్తే బేరమాడింది. వాడు నీలం బకెట్టు ఇస్తానన్నాడు. అత్త వాణ్ని కదలనివ్వకుండా నిలబెట్టి దానికి మూత కూడా సాధించింది. ఎదురింటివాళ్లకి చాలా రోజులు ఆ మూత కథే చెప్పింది.

చలికాలంలో అత్త పోయింది. పెద్దదినానికి పటం కట్టిద్దామని స్టూడియోకి వెళితే, అక్కడాయన కంప్యూటర్లో చూసి తలెత్తాడు. "ఇది సిన్నదండి మేడం. అసలుదేదండి?"

అసలువి పాత ఫోనులోనే ఉండిపోయాయట. కొత్తదానికి ముందు చిన్న నకళ్లే వచ్చాయట, పెద్దవి తర్వాత రావాలట. ఈలోగా బండివాడొచ్చాడు. ఫోను ఒక్క మాట చెప్పలేదు, అన్నీ ఉన్నట్టే చూపిస్తూ వచ్చింది. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ బండి కోసం పలాస, కాశీబుగ్గ అంతా వాకబు చేశాను, ఎవరికీ తెలీదు. ట్రంకులో ఉన్నవన్నీ మామయ్య పక్కన బిడియంగా నిలబడ్డ కొత్త పెళ్లికూతురివి. నాకు కావలసింది నాతో ఉన్న అత్త.

చివరికి స్టూడియో ఆయన పెద్ద తెల్ల అట్ట మధ్యలో అగ్గిపెట్టంత ఫొటో అతికించి పటం కట్టాడు. గుమ్మంలోంచి చూస్తే ఖాళీ అట్టే కనబడుతుంది. అత్త కనబడాలంటే ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాలి. స్కూలు నుంచి వచ్చి తాళం తీయగానే వెళతాను. ఇంట్లో వేరే పలకరింపు లేదు. తర్వాత నీలం బకెట్టులో నీళ్లు పట్టి మూత పెడతాను. కాలం అత్తని ఏ మూల దాచిందో నాకు తెలియదు గానీ, ఆవిడ బేరమాడి తెచ్చిన మూత మాత్రం ఇంకా బిర్రుగానే పడుతోంది.