చారల నిశ్చితార్థం

మా అక్క కూతురి నిశ్చితార్థం కడపలో జరిగింది. ఫోటోలు తీసింది మేనమామనైన నేను. కర్నూలు నుంచి నేను మోసుకొచ్చిన సామాను చూసి, మంగంపేట గనులకు పోవాల్సిన యంత్రాలు దారి తప్పి వచ్చాయేమోనని మగపెళ్లివారు కంగారుపడ్డారు.

మర్నాడు ఫోటోలను టీవీలో పెట్టి ఇంటిల్లిపాదికీ చూపించాను. హాల్లో తీసిన ప్రతిదానికీ నలుపు, పసుపు చారలు. కెమెరా అడ్డంగా పట్టినవాటికి అడ్డచారలు, నిలువుగా పట్టినవాటికి నిలువుచారలు.

"ఏమప్పా, కాబోయే అల్లుణ్ని కటకటాల యెనక నిలబెట్టినావే! ఏం నేరం చేసినాడు?" అన్నాడు బావ.

మేనకోడలు మాత్రం నవ్వలేదు. "మామా, పెండ్లికి ఇంక మూడు వారాలే ఉండాది. ఇది బాగుకాకుంటే స్టూడియో వాళ్లను పిలుస్తా. నువ్వు పంక్తిలో కూచొని తిందువులే."

మేనమామ చేతిలో కెమెరా లాక్కుని పప్పన్నం పెట్టడమా! ఇంతకంటే దేశబహిష్కారం నయం.

సంతోషించింది మా అమ్మ ఒక్కతే. బయట ఎండలో తీసిన ఫోటోలకు చారలు లేవు కానీ, ప్రతిదాంట్లో పిల్ల బుగ్గ మీద ఒక నల్లచుక్క ఉంది. నేను ఎవరినైనా ఫోటో నడిమధ్యన మేకు కొట్టినట్టు నిలబెడతాను కాబట్టి ఆ చుక్క ఒక్కసారి కూడా బుగ్గ తప్పలేదు.

"దిష్టిచుక్క శానా బాగా పెట్టినావు నాయనా" అంది అమ్మ.

కర్నూలు చేరి కార్డు మార్చాను, బ్యాటరీ మార్చాను, లెన్సు మార్చాను, చివరికి చొక్కా కూడా మార్చాను. చారలు మారలేదు. లోపల బొమ్మను పట్టే సెన్సర్ చచ్చిపోయిందని నిర్ధారించుకుని, శవాన్ని మోసినట్టు కెమెరాను రిపేరు షాపు భాయ్ దగ్గరికి మోసుకుపోయాను.

ఆయన రోడ్డు వైపు ఒక ఫోటో, షాపులో లైటు కింద ఒక ఫోటో తీసి చూశాడు.

"సెన్సర్ దుక్కలా ఉండాది. ఎండలో చారల్లేవు, లైటు కిందనే ఉండాయి. షటర్ శబ్దం ఎందుకు తీసేసినావు?"

"మంత్రాల మధ్యలో అయ్యవారు 'ఆ టకటక ఆపప్పా' అన్నాడు భాయ్."

"ఆయన మాట నిలబెట్టినావు, ఫోటోను పడగొట్టినావు. ఈ ఎల్ఈడీ లైట్లు సెకనుకు వందసార్లు కన్ను కొడతాయి, మనకు కానరాదు. శబ్దం లేకుండా తీస్తే షటర్ తెర కదలదు, సెన్సరే బొమ్మను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతాది. లైటు వెలిగినప్పుడు చదివిన వరస వెలుతురుగా, ఆరినప్పుడు చదివింది నల్లగా వస్తాది. శబ్దం పెట్టి, షటర్ వేగం సెకనులో వందో వంతుకు దించు."

దించాను. అదే లైటు కింద చారలు మాయం!

చుక్క సంగతి మిగిలింది. భాయ్ కెమెరా విప్పి, వజ్రం పరీక్షించే షావుకారులా భూతద్దం పెట్టాడు. "ఇది దుమ్ము కాదప్పా, ఎర్రగుండాది. కుంకుమ!"

అప్పుడు గుర్తొచ్చింది. దసరా ఆయుధపూజలో నా ఆయుధాలు ఎక్కువ కనబడాలని కెమెరానుంచి లెన్సు ఊడదీసి, మూతలు తీసి విడివిడిగా పెట్టాను. అమ్మ కత్తిపీట మొదలు స్కూటర్ దాకా కుంకుమ చల్లింది. ఒక రేణువు లోపలికి పోయి కాపురం పెట్టింది.

"పూజ చేసిన పుణ్యం మీ అమ్మకు, కుంకుమ తుడిచిన పాపం నాకు. బాగుండాదప్పా న్యాయం!" అంటూ భాయ్ శుభ్రం చేశాడు.

పెళ్లికి వారం ముందు కడప పోయాం. ఇంటికి కట్టిన సీరియల్ లైట్ల కింద నిలబడి, "తియ్యి మామా" అంది మేనకోడలు. తీశాను. ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వెతికింది.

"సరే, పెండ్లికి నువ్వే తియ్యి."

అమ్మ తొంగిచూసింది. "చుక్క యాడ పోయెరా?" అని కుంకుమభరిణె తెచ్చింది. "మంచి పనికి పోతాండాది, కెమెరాకు ఇంత బొట్టు పెడతా పట్టు."

కెమెరాను చంటిబిడ్డలా గుండెకు హత్తుకున్నాను. మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. "అవ్వా, కెమెరాకొద్దు. పెండ్లినాడు మామకు పెడుదువులే."

అమ్మ మాట మరవలేదు. తాళి కట్టే వేళ నా కెమెరా టకటకమంటూ ఉంటే అదే అయ్యవారు కోపంగా తలెత్తాడు. నా నుదుట రూపాయి బిళ్లంత బొట్టు చూసి, పరమభక్తుణ్ని అనుకున్నాడేమో, మళ్లీ మంత్రం అందుకున్నాడు.