పలక మీద ముప్పై నాలుగు

మా బస్తీలో ఆవిణ్ని అందరూ మీటరమ్మ అంటారు. బ్యాటరీల గది ఆవిడ చేతిలో ఉంది. పొద్దున్నే సోలార్ ప్యానెళ్ల మీద దుమ్ము తుడిచి, బ్యాటరీలలో నీళ్లు చూసి, ఎంత శాతం కరెంటు మిగిలిందో గది బయట పలక మీద సుద్దముక్కతో రాస్తుంది. తొమ్మిదేళ్లలో ఒక్క అంకె అబద్ధం రాయలేదు. కట్టుకున్నవాడు కాళ్లు పట్టుకున్నా రాయదని మేం ఎగతాళి చేసేవాళ్లం.

ముసురు పట్టిన మూడో రోజు మధ్యాహ్నం మీటరు ముప్పై నాలుగు చూపించింది. ఆవిడ సుద్దముక్క పలక దాకా తీసుకెళ్లి ఆపేసింది.

కారణం ఉంది. రెండు రోజుల కిందట ఆవిడ కోడలు ఎనిమిదో నెలలోనే ప్రసవించింది. రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. పెద్దాసుపత్రికి పోయే దారి నీళ్లలో ఉంది. అందుకని వీధి చివరి ఆరోగ్య కేంద్రంలోనే వెచ్చటి దీపం కింద పడుకోబెట్టారు. ఆ దీపం వెలిగేది ఈ బ్యాటరీల మీదే. కరెంటు పది శాతానికి దిగితే మొత్తం దానంతటదే ఆగిపోతుంది.

"ఎండొచ్చేదాకా దీపం ఆరకూడదు. పిల్ల చల్లబడితే ఇక నా చేతిలో ఏమీ ఉండదు," అని నర్సు ముందే చెప్పింది.

పోయిన వానల్లో ఇలాగే పలక మీద ముప్పై కనబడగానే, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అందరం ఫోన్లూ లాంతర్లూ తెచ్చి ప్లగ్గుల్లో గుచ్చాం. నేనూ రెండు ఫోన్లు పెట్టాను, దాచడం ఎందుకు? రెండు గంటల్లో బస్తీ అంతా ఆరిపోయింది. ఉన్న కాస్త కరెంటునూ మా భయమే తాగేసింది.

ఇప్పుడు నిజం రాస్తే మళ్లీ అదే తంతు. అరవై అని అబద్ధం రాస్తే, బోలెడుందనుకుని ఫ్యాన్లు తిప్పుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ముప్పై నాలుగే రాసింది. దాని కింద, "నా మనవరాలు దీపం కింద ఉంది. ఎవరూ ఏమీ పెట్టకండి," అని రాసింది. ఆ పలక మీద అంకె కాక అక్షరాలు చూడటం మాకు అదే మొదలు. టైలరు కుట్టుమిషను మోటారు ఆపి కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. నేను రేడియో కూడా పీకేశాను.

అయినా అంకె దిగుతోంది. ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది.

"ఎవరో తాగేస్తున్నారు, చూడు వదినా," అని మీటరమ్మ నన్ను బ్యాటరీల గదిలోకి లాగింది. గోడ మీది బోర్డులో ఇంటికో బుడ్డి లైటు ఉంటుంది. అన్నీ ఆరి ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది ఆవిడ ఇల్లే. బ్యాటరీల బలం పరీక్షించడానికి ఆ ఒక్క ఇంటికే ఎక్కువ కరెంటు లాగనిచ్చే లావు ఫ్యూజు పెట్టారు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వెనకే నేనూ.

లోపల ఆవిడ అత్తగారు నేల మీద కూర్చుని, పాత చీర ముక్కల మీద ఇస్త్రీపెట్టె రుద్దుతోంది. పక్కన మడతలు మోకాలెత్తు ఉన్నాయి.

"కరెంటు పోతే పిల్ల బిగుసుకుపోదుటే? ఉండగానే గుడ్డలు కాచిపెడుతున్నా," అంది ముసలామె.

"అత్తా, ఆ పెట్టె తాగేది దాని ఊపిరే!"

ముసలామె గోడంతా తడిమినా స్విచ్చు చేతికి తగల్లేదు. మీటరమ్మే ప్లగ్గు లాగి, ఫ్యూజు పీకి కొంగున కట్టుకుంది. ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమనే మాట నా నాలుక దాకా వచ్చింది. మింగేశాను. పోయిన వానల్లో రెండు ఫోన్లు పెట్టింది నేనే కదా.

మీటరమ్మ తిరిగి వెళ్లి పలక తుడిచింది. ఇరవై ఆరు అని రాసి, "తప్పు మా ఇంట్లోనే జరిగింది," అని కింద చేర్చింది.

తెల్లారేసరికి పన్నెండు. తొమ్మిది గంటలకు ఎండ పొడ వచ్చింది.

ఆ పిల్ల ఇప్పుడు బ్యాటరీల గది గడప దాటి పారిపోతుంటుంది. అయినా మబ్బు పడితే మీటరమ్మ ముందు తన ఇంటి ఫ్యూజు పీకుతుంది.

"పిల్ల నడుస్తోందిగా, ఇంకా ఏం భయమే నీకు?" అంటుంది అత్తగారు చీకటి గదిలోంచి. ఆ రోజు కాచిన గుడ్డల మడతలు కొన్ని మాత్రం ఇప్పటికీ ఆమె తలగడ కిందే ఉన్నాయి.