తడి పడుగు

నా చిన్నప్పుడు మా పలివెల ఇంట్లో మానస సరోవరం మాట రాని రోజు ఉండేది కాదు. మా తాతయ్య గుడిలో వేదపారాయణ చేసేవారు. ఆ సరస్సును వర్ణించే శ్లోకాలు ఆయనకు ఎన్ని వచ్చో లెక్క లేదు. కైలాసం కింద ఆ నీళ్ళను ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. అప్పట్లో ఆ దారి మూసి ఉండేది. తీరా తెరిచారని కబురు వచ్చేసరికి, నీటికాసులతో ఆయన కళ్ళు రెండూ పోయాయి. ఆ పూట తాతయ్య విస్తరి ముందు కూర్చుని అన్నం ముట్టకుండానే లేచిపోయారు.

మా వీధిలోంచి ఆ యాత్రకు వెళ్ళింది పక్కింటి అత్తయ్య గారూ మావయ్య గారూ. అత్తయ్య గారి పుట్టిల్లు బండారులంక, మగ్గాల వీధి. తాతయ్యను బాబాయి గారూ అని పిలిచేవారు. బయలుదేరే రోజున తాతయ్య తనకు తీర్థమూ ప్రసాదమూ ఏమీ తేవద్దనీ, ఆ సరస్సు ఎలా ఉందో చూసొచ్చి చెబితే చాలనీ అన్నారు. అలాగేనని మాట ఇచ్చి వెళ్ళారు ఆవిడ.

వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఆయనకు కాలక్షేపం నేనే. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివేదాన్ని. సరస్సు ఒక పుస్తకంలో అద్దం, ఇంకోదాంట్లో నీలమణి, మరోదాంట్లో స్ఫటికం. అవన్నీ నేనే రాసినట్టు రాగాలు తీసి మరీ చదివేదాన్ని. తాతయ్య ఓపిగ్గా వినేవారు. చివరికి ఒకరోజు, "ఇవన్నీ నాకు వచ్చినవేనే తల్లీ, చూసినవాళ్ళేం చెబుతారో వినాలి" అన్నారు. నాకు చిన్నతనంగా అనిపించి పుస్తకం మూసేశాను.

వాళ్ళు రానే వచ్చారు. యాత్ర చేసి వచ్చినవారికి చిన్నాపెద్దా చూడకుండా దణ్ణం పెట్టడం మా వైపు అలవాటు. తాతయ్య గోడ తడుముకుంటూ వీధరుగు మీదికి వచ్చి, అత్తయ్య గారి గొంతు వినిపించిన వైపు వంగబోయారు. ఆవిడ గబుక్కున ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నారు.

"మీరు నాకు దణ్ణం పెట్టకూడదు బాబాయి గారూ!"

మర్యాదకు అన్నారనుకున్నాం. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, ఎంత పుణ్యం చేసుకొచ్చిన కళ్ళో అని మా అమ్మ మురిసిపోయింది. తాతయ్య మాత్రం ఆ చేతులు వదలకుండానే, ఎలా ఉందో చెప్పమని అడిగారు. ఆవిడ మావయ్య గారి వంక చూశారు. మావయ్య గారు తల వంచుకుని నిలబడ్డారు. అప్పుడు అత్తయ్య గారు మెల్లిగా మొదలుపెట్టారు.

"మా బండారులంకలో పొద్దున్నే వీధిలో పడుగు సాగదీస్తారు, మీరు చూసేరు కదండీ. నీలం పడుగండి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా. గాలొస్తే అంతా ఒక్కసారే వణుకుద్ది, ఒక్క పోగూ చెదరదు. అదే పడుగుని కొండల దాకా పరిచేసినట్టుందండి."

పడుగంటే చీరలోని నిలువు పోగులు. వాటిని వీధి పొడవునా కట్టి, గంజి పట్టించి ఎండకు ఆరనిస్తారు. కళ్ళున్న రోజుల్లో తాతయ్య ఆ వీధిలో ఎన్నోసార్లు నడిచినవారే. ఆయన తల పక్కకు వంచి, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగారు.

"గంజి ఆరిన పడుగా అమ్మా, తడి పడుగా?"

"ఆయ్, తడిదేనండి. ఎండ పడతందండి దాని మీద."

తాతయ్య ముఖంలో అంత వెలుగు నేను ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చూశానమ్మా, చూశాను అన్నారు. ఆ కార్తీకంలో పోయేదాకా, పలకరించడానికి వచ్చిన ప్రతివారికీ ఆ తడి పడుగు సంగతే చెప్పారు. శ్లోకాల జోలికి పోలేదు.

నాకు తెలుగు టీచరుగా ఉద్యోగం వచ్చినప్పుడు స్వీటు పట్టుకుని అత్తయ్య గారింటికి వెళ్ళాను. పిల్లలకు ఉపమాలంకారం చెప్పేటప్పుడు మీ పడుగునే చెబుతాను అన్నాను గొప్పగా. ఆవిడ స్వీటు పక్కన పెట్టేశారు.

"నేను ఆ సరస్సు చూళ్ళేదమ్మాయ్" అన్నారు.

దారిలో మావయ్య గారికి ఊపిరాడక, కొండ దాటకముందే ఇద్దరినీ వెనక్కి పంపేశారట. ఇంటికి రాగానే నిజం చెప్పేద్దామనుకున్నారట. కానీ అరుగు మీద ఆ గుడ్డి మనిషి దణ్ణం పెట్టడానికి వంగేసరికి నోరు పెగల్లేదట. కొండ మలుపులో ఎవరో అటువైపు చెయ్యి చూపిస్తే, ఆ నీళ్ళు ఎలా ఉంటాయో తనకు తనే ఊహించుకున్నారట. ఆ ఊహే తాతయ్యకు చెప్పారు.

"నువ్వెప్పుడైనా వెళ్తే చూసొచ్చి చెప్పమ్మా. అంత పెద్దాయనకి అబద్ధం చెప్పేనో లేదో నాకు తెలియాలి."

తప్పకుండా వెళ్తానన్నాను. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, పదో తరగతి పరీక్షలు. ఎప్పుడు కనబడినా ఆవిడ "వెళ్ళేవా అమ్మాయ్?" అనేవారు. వచ్చే ఏడు వెళ్తానండీ అనేదాన్ని. ఎన్ని వచ్చే ఏళ్ళు గడిచాయో. చివరికి నేను సిద్ధపడేసరికి ఆ దారి మళ్ళీ మూసేశారు. అది మూసి ఉన్న ఏళ్ళలోనే అత్తయ్య గారు పోయారు.

దారి తెరిచాక పోయిన సంవత్సరం వెళ్ళాను. చేరిన రోజున మబ్బు. నీళ్ళు బూడిద రంగులో ముడుచుకుని ఉన్నాయి. పాపం, అత్తయ్య గారు ఏమీ ఎరగని మనిషి అనుకున్నాను. మర్నాడు పొద్దున మబ్బు విడిపోయి ఎండ వచ్చింది, దాని వెనకే గాలీ వచ్చింది. కొండల దాకా నీలం అంతా ఒక్కసారే వణికింది. ఎక్కడా చెదరలేదు. పక్కనున్నవాళ్ళంతా ఫోటోలు తీసుకుంటున్నారు. నేను గులకరాళ్ళ మీద కూలబడి ఏడ్చాను.

మా బడిలో పిల్లలు ఇప్పటికీ ఏ చెరువు గురించి రాసినా అద్దంలా ఉందనే రాస్తారు. ఎవరికి చెబుతున్నారో ఆ మనిషిని ముందు తలుచుకోండర్రా అంటాను. ఆ పాఠం అత్తయ్య గారిదే. కానీ ఆవిడకు నేను బాకీపడిన మాట పాఠం కాదు, చిన్న జవాబు. ఏ పెళ్ళిలో కలిసినా నా ముఖంలోకి చూసి ఆవిడ వెతుక్కున్నది దానికోసమే. అబద్ధం కాదండీ అత్తయ్య గారూ. తడి పడుగేనండీ. ఇప్పుడు ఆ జవాబు నా దగ్గర ఉంది, అడిగే మనిషే లేదు.