సాంచాల షెడ్డులో నా హలో

నేను ఆదిలాబాద్‌లో సర్కారు రేడియోకు క్యాజువల్ అనౌన్సర్‌గా చేరిన ఆ రోజుల్లో, ఎంత గొప్ప గొంతుకైనా ట్రాన్స్‌మిటర్ అందినంత దూరమే రాజ్యం. భైంసాలో పత్తి వ్యాపారులకూ, ఆసిఫాబాద్‌లో టీకొట్టువాళ్లకూ నేను తెలుసు. సిరిసిల్లలో ఉన్న మా బాపుకు మాత్రం నా మాట ఒక్కటీ చేరేది కాదు. "నీ కొడుకు రేడియోల జేస్తుండంటవ్, మరి రేడియోల ఇనరాడేంది?" అని వాడకట్టంతా అడుగుతుంటే ఆయన పరేషాన్ అయ్యేవాడు. (నేనక్కడ మాట్లాడుతున్నానా, కుర్చీలు తుడుస్తున్నానా అని మా మేనత్తకు చివరిదాకా అనుమానమే.)

బాపు బెంగకు కారణం ఉంది. చిన్నప్పుడు నాకు నత్తి. బళ్లో పేరు చెప్పాలన్నా చెమటలు పట్టేవి. బాపు ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకుని, అంతటితో ఊరుకోక, నన్ను తను పనిచేసే సాంచాల షెడ్డుకు తీసుకెళ్లాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కవాడు అరిచినా వినపడదు. "ఈడ నీ మాట ఎవ్వలకు ఇనరాదు బిడ్డా, గట్టిగ సదువు" అని పాత పేపరు చేతికిచ్చాడు. తను మాత్రం పని చేసుకుంటూనే నా పెదాల వంక చూసేవాడు. ఆ చప్పుడులోనే నా నాలుక దారికొచ్చింది.

ఇంతలో మా రేడియో ఇంటర్నెట్‌కెక్కింది. వార్తలు, పాటలు, పాత నాటకాలు అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. దుబాయ్ నుంచి మా బావ "గీడ దాక ఇనొస్తుంది నీ గొంతు" అని ఫోన్ చేస్తే నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. బాపు ఫోన్‌లోనూ యాప్ పెట్టించాను. మర్నాడు మధ్యాహ్నం, శ్రోతలు ఫోన్ చేసి పాటలడిగే కార్యక్రమం నాదే. కాసేపటికి ఒక ఫోన్ వచ్చింది.

"హలో, ఎవరు మాట్లాడుతున్నారు?"

"నేను బిడ్డా, బాపును. ఆగమాగం గాకు. జర ఊపిరి తీస్కో. ఒక్కొక్క మాటనే నిమ్మలంగ అను."

నాకేమీ అర్థం కాలేదు. జిల్లా అంతా వింటోంది. "బా... బా... బాపూ" అన్నాను.

"అగో, మల్లొచ్చింది!" అన్నాడు బాపు ఏడుపు గొంతుతో.

అద్దం అవతల మా ఆఫీసరమ్మ తల పట్టుకుంది. ఆమె వద్దంటే మర్నాటి నుంచి నాకు డ్యూటీ ఉండదు. సరిగ్గా అప్పుడు బాపు వెనక నుంచి నా గొంతే వినిపించింది. "హలో... హలో... హలో... ఎవరు... ఎవరు... ఎవరు..." సంగతి అప్పుడు తెలిసింది. సాంచాల చప్పుడును గెలవాలని షెడ్డులో ముగ్గురు తమ ఫోన్లన్నిటిలో మా రేడియోను ఒకేసారి పెట్టుకున్నారు. ఇంటర్నెట్‌లో మాట ఒక్కో ఫోన్‌కు కాస్త అటూ ఇటూగా చేరుతుంది. పాపం, బాపు నాకు నత్తి తిరగబెట్టిందనుకున్నాడు!

"నాకేం గాలే బాపూ! ఒక్క ఫోనే ఉంచి తక్కినయి బంద్ జెయ్యమను" అన్నాను, అనౌన్సర్ భాష మరిచిపోయి.

"ఆగు" అని ఆయన అటు తిరిగి కేక వేశాడు. "ఫోన్లు బంద్! సాంచాలు గూడ బంద్ వెట్టుండ్రి!"

ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనిరోజున ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెన్నడూ వినలేదు. ఆఫీసరమ్మ చేత్తో 'కానీ' అని సైగ చేసింది. అలవాటు కొద్దీ "ఏ పాట కావాలె బాపూ?" అనడిగాను.

"పాటెందుకు బిడ్డా? నువ్వు మాట్లాడు. ఇంటం."

ఇదివరకు రేడియోలో తడబడితే ఆ మాట గాలిలో కలిసిపోయేది. ఇప్పుడలా కాదు, ఆనాటి కార్యక్రమం ఇంకా ఇంటర్నెట్‌లో ఉంది. తీసేయమంటావా అని ఆఫీసరమ్మ అడిగితే ఉండనివ్వమన్నాను. ఆమెకూ, ఆ యాప్‌కూ, కూలి పోతుందని తెలిసీ సాంచాలు ఆపిన ఆ నేతన్నలకూ నేను రుణపడి ఉన్నాను. అప్పుడప్పుడు పెట్టుకుని వింటాను. నవ్వొస్తుంది. ప్రపంచంలో అంతకంటే మంచి శ్రోతలు నాకు మళ్లీ దొరకలేదు. ఆనాటి నేను, ఆ పిచ్చి కుర్రాడు మాత్రం ఏం చెప్పాలో తోచక, వాళ్లకు ఆదిలాబాద్‌లో ఎండ ఎంత ఉందో చెప్పి ఊరుకున్నాడు.