సముద్రం దాటొచ్చిన వావిలాకు మూట

ఆనకట్ట కట్టి కాలవ వదిలినప్పటి నుంచి మా ఊరికి నీళ్లతోపాటు షావుకార్లూ పారుతున్నారు. ఇవాళ పొద్దున్న ఒకాయన విత్తనాల బస్తాలతో పడవ దిగాడు. సముద్రం అవతలి దొరల దేశపు వడ్లట. చెన్నపట్నం నుంచి కలకత్తా దాకా రైతులంతా ఇవే చల్లుతున్నారట. ఇంకా ఇంటి విత్తనమే చల్లేవాడు పాతకాలపు మనిషట. ఆ మాటకి రోషం వచ్చి అందరికంటే ముందు నేనే కొన్నాను.

మా అమ్మ రేవులోనే నా బస్తాలో చెయ్యి పెట్టి, గుడ్డలో కట్టిన వావిలాకు మూట పైకి తీసింది.

“పురుగు పట్టకుండా దొరలు కూడా వావిలాకే వేస్తారాండీ?”

“ఆయ్, వేస్తారండి,” అన్నాడు షావుకారు.

“దొరసానులు నా బండారులంక చీరే చింపి మూట కడతారాండీ?”

విత్తనం అడిగినవాళ్లందరికీ అమ్మ ఏటా తన పాత చీర చింపి అలాంటి మూట వేసి ఊరికే ఇస్తుంది. షావుకారు గబగబా పడవెక్కాడు. జనం మాత్రం కొన్న బస్తాలు వదల్లేదు.

“మా ఇంటి గడ్డి పురిలో ఇవే వడ్లున్నాయి, ఊరికే పట్టుకెళ్లండి,” అంది అమ్మ.

“ఊరికే ఇచ్చేవి మొలుస్తాయాండీ?” అన్నారు పక్కింటాయన.

మీ ఊళ్లోనూ దొరల వడ్లు దిగితే కాస్త వెతికి చూడండి. అమ్మ చీరలో మిగతా సగం ఏ దేశంలో ఉందో ఇంకా తెలియలేదు.